స్ప్రింట్ చివర టెస్టింగ్ ఎందుకు ఇరుక్కుంటుంది: లక్షణాలు, కారణాలు, పరిష్కారాలు

టీమ్‌లో ఎక్కడ లోపం ఉన్నా అది బయటపడేది టెస్టింగ్ దగ్గరే. అందుకే తిట్లు కూడా టెస్టర్లకే పడతాయి. అసలు కారణం మాత్రం చాలాసార్లు వారం ముందే, స్టోరీ (యూజర్‌కి కావాల్సిన ఒక పని వివరణ) రాసిన రోజునో, స్ప్రింట్ (టీమ్ పనిని విడగొట్టుకునే కొద్ది వారాల గడువు) ప్లానింగ్‌లో అందరూ తలూపిన రోజునో పుట్టి ఉంటుంది. కింది లక్షణాల్లో మీ టీమ్‌ని బాగా ఇబ్బంది పెడుతున్నది ఏదో చూసుకుని అక్కడ మొదలుపెట్టండి. అన్నీ ఒకేసారి పట్టుకుంటే ఏదీ తెమలదు.

ఆఖరి రెండు రోజుల్లో స్టోరీలన్నీ టెస్టింగ్ కాలమ్‌లోనే

లక్షణం: రెండు వారాల స్ప్రింట్‌లో మొదటి వారం టెస్టర్లకు పెద్దగా పని ఉండదు. పాత టెస్ట్ కేసులు సర్దుకుంటూ ఉంటారు. ఎనిమిదో రోజు సాయంత్రానికి ఆరేడు స్టోరీలు ఒక్కసారిగా వచ్చి పడతాయి. డెమో ముందు రాత్రి అందరికీ జాగారమే. అయినా సగం స్టోరీలు తర్వాతి స్ప్రింట్‌కి జరుగుతాయి.

మీదీ ఇదే సమస్యా అని తేల్చుకోవడం తేలిక. గత రెండు మూడు స్ప్రింట్లలో ఒక్కో స్టోరీ టెస్టింగ్‌లోకి ఏ తేదీన వచ్చిందో టీమ్ టాస్క్ బోర్డు హిస్టరీలో చూడండి. తేదీలన్నీ చివర్లోనే గుమిగూడి ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

కారణం: పేరుకు ఎజైలే (పనిని చిన్న ముక్కలుగా ముగిస్తూ పోయే పద్ధతి) గానీ లోపల నడుస్తున్నది రెండు వారాలకు కుదించిన వాటర్‌ఫాల్ (కోడ్ అంతా అయ్యాకే టెస్టింగ్ మొదలయ్యే పాత పద్ధతి). స్టోరీలు పెద్దవి. డెవలపర్లు తలా ఒకటి పట్టుకుని ఒకే రోజు మొదలుపెడతారు, కాబట్టి అన్నీ దాదాపు ఒకే రోజు ముగుస్తాయి. ఇంకో టెస్టర్‌ని తీసుకుంటే సరిపోతుందని మేనేజర్లు అనుకుంటారు. తీసుకున్నా మొదటి వారం ఖాళీగా ఉండేవాళ్లు ఒకరు పెరుగుతారు, అంతే. స్ప్రింట్‌ని మూడు వారాలకు పెంచడమూ అలాంటిదే: స్ప్రింట్లతో నడిచే ఎజైల్ పద్ధతి స్క్రమ్‌కి నియమాల పుస్తకమైన స్క్రమ్ గైడ్ నెల దాకా ఒప్పుకుంటుంది గానీ, జాగారం మూడో వారానికి మారుతుంది తప్ప పోదు.

పరిష్కారం: ముందు స్టోరీని కోయడం నేర్చుకోవాలి. ‘పేమెంట్ పేజీ’ అన్నది స్టోరీ కాదు, నాలుగైదు స్టోరీల మూట. కార్డుతో చెల్లింపు సాఫీగా జరగడం ఒకటి, కార్డు తిరస్కరిస్తే ఏం చూపాలన్నది ఇంకొకటి, సేవ్ చేసిన కార్డు వాడటం వేరొకటి. చాలా టీములు స్క్రీన్ ఒకరికి, ఏపీఐ (స్క్రీన్‌కీ సర్వర్‌కీ మధ్య వారధి) ఒకరికి, డేటాబేస్ ఒకరికి అని పంచుకుంటాయి. అలా కోస్తే మూడూ కలిసేదాకా టెస్ట్ చేయడానికి ఏమీ ఉండదు. యూజర్‌కి కనబడే చిన్న పనిగా కోస్తే మూడో రోజుకే ఒక ముక్క టెస్టర్ చేతికి వస్తుంది.

రెండోది, ఒకేసారి నడిచే స్టోరీలకు హద్దు పెట్టండి. ఐదుగురు డెవలపర్లుంటే మూడు చాలు. నాలుగోది మొదలుపెట్టాలంటే ముందు ఉన్నవాటిలో ఒకటి టెస్టింగ్‌తో సహా పూర్తయి ‘డన్’కి చేరాలి. చేతిలో పని లేని డెవలపర్ టెస్టింగ్‌లో సాయం చేయాలి. ఇక్కడే అసలు ప్రతిఘటన వస్తుంది: ‘అది నా పని కాదు కదా!’ స్క్రమ్ మాస్టర్ (టీమ్ పద్ధతి గాడి తప్పకుండా చూసే వ్యక్తి) గట్టిగా నిలబడాల్సిన చోటు ఇదే.

మూడోది, కోడ్ రాయకముందే డెవలపర్, టెస్టర్, ప్రోడక్ట్ ఓనర్ (ఏం కావాలో తేల్చే వ్యక్తి) ఓ ఇరవై నిమిషాలు కూర్చోవాలి. స్టోరీలో ‘చెల్లింపు విఫలమైతే మెసేజ్ చూపాలి’ అని ఉందనుకోండి. టెస్టర్ అడగాల్సినవి ఇలా ఉంటాయి: బ్యాంకు నుంచి అసలు జవాబే రాకపోతే? డబ్బు కట్ అయ్యాక జవాబు దారిలో పోతే? యూజర్ టెన్షన్‌తో బటన్ రెండుసార్లు నొక్కితే? రెండో ప్రశ్నకు ప్రోడక్ట్ ఓనర్ దగ్గర వెంటనే సమాధానం ఉండదు. అది ఈ స్టోరీలో ఇమడదని, వేరే స్టోరీ కావాలని అప్పుడే తెలుస్తుంది. అదే ప్రశ్న తొమ్మిదో రోజు వస్తే దాని పేరు బగ్.

ఒకసారి రెడ్, మళ్లీ రన్ చేస్తే గ్రీన్

లక్షణం: కోడ్ మారలేదు, ఆటోమేటెడ్ టెస్ట్ ఫలితం మారింది: ఒకసారి ఫెయిల్ (రెడ్), మరోసారి పాస్ (గ్రీన్). ‘ఆ టెస్ట్ అంతేలే, రీరన్ కొట్టు’ అన్న మాట టీమ్‌లో మామూలైపోతుంది. కొన్నాళ్లకు నిజమైన బగ్ వల్ల వచ్చిన రెడ్‌ని కూడా ఎవరూ పట్టించుకోరు.

ఇలా ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యే ‘ఫ్లేకీ’ టెస్టుల బెడద పెద్ద కంపెనీలకూ ఉంది. గూగుల్ 2016లో చెప్పిన లెక్క ప్రకారం వాళ్ల టెస్టుల్లో దాదాపు 16 శాతం ఎంతో కొంత ఫ్లేకీ. కాబట్టి సిగ్గుపడక్కర్లేదు, వదిలేయకూడదు.

టెస్ట్ ఎప్పుడు ఫెయిలవుతుందో గమనిస్తే కారణం చాలావరకు చిక్కుతుంది. ఒంటరిగా రన్ చేస్తే పాసై, మిగతావాటితో కలిస్తే ఫెయిలవుతుందా? రెండు టెస్టులు ఒకే యూజర్‌నో ఒకే రికార్డునో వాడుతున్నాయి. ప్రతి టెస్టూ తన డేటా తానే తయారు చేసుకోవాలి, వరసను ర్యాండమ్‌గా మార్చి రన్ చేయాలి. మీ లాప్‌టాప్‌లో బాగానే ఉండి పైప్‌లైన్‌లోనే (కోడ్‌ని తానే బిల్డ్ చేసి టెస్ట్ చేసే వ్యవస్థ) ఫెయిలవుతుందా? కోడ్‌లో ‘మూడు సెకన్లు ఆగు’ లాంటి లైన్ వెతకండి. లోడ్ ఎక్కువున్న బిల్డ్ మెషీన్‌కి మూడు సెకన్లు చాలవు. ఐదుకి పెంచకండి, బటన్ కనిపించేదాకా ఆగేలా రాయండి. రోజులో కొన్ని గంటల్లోనే ఫెయిలవుతుందా? బిల్డ్ సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం), టెస్ట్ స్థానిక సమయంలో ఆలోచిస్తున్నాయి. అర్ధరాత్రి అటూ ఇటూ ‘ఈరోజు’ అంటే ఇద్దరికీ వేర్వేరు తేదీలు. టెస్ట్‌లో గడియారాన్ని ఒక సమయం దగ్గర ఆపేయడమే మార్గం.

కారణం దొరకని టెస్టుని వేరే సూట్‌లోకి (కలిపి నడిపే టెస్టుల గుంపు) మార్చి, బాధ్యుల పేరు, గడువు తేదీ పెట్టండి. గడువులోగా బాగుపడకపోతే తీసేయండి. ఎవరూ నమ్మని టెస్ట్ లేకపోవడమే నయం. కాకపోతే తీసేసే ముందు ఒక్కసారి ప్రోడక్ట్ కోడ్ కూడా చూడండి. కొన్నిసార్లు టెస్ట్ చెప్పేది నిజమే, కోడ్‌లోనే రేస్ కండిషన్ (రెండు పనుల్లో ఏది ముందు ముగిస్తే ఫలితం అలా మారిపోయే లోపం) ఉంటుంది.

అన్నీ గ్రీన్, బగ్గులు మాత్రం కస్టమర్‌కి దొరుకుతున్నాయి

కవరేజ్ 90 శాతం అని రిపోర్ట్ చూపిస్తారు. కవరేజ్ చెప్పేది ఒక్కటే: టెస్టులు నడిచినప్పుడు కోడ్‌లోని ఆ లైన్ రన్ అయింది. ఫలితం సరైనదో కాదో అది చెప్పదు. రీఫండ్ లెక్కించే ఫంక్షన్‌ని పిలిచి, ‘నల్ (ఖాళీ విలువ) రాలేదు’ అని మాత్రమే చూసే టెస్ట్ కూడా కవరేజ్‌ని పెంచుతుంది. రీఫండ్ వందకు బదులు వెయ్యి వచ్చినా అది గ్రీనే. టార్గెట్ పెట్టి ఒత్తిడి చేసిన చోటల్లా ఇలాంటి టెస్టులు పుడతాయి. తప్పు టార్గెట్ పెట్టినవాళ్లది.

అనుమానం ఉంటే కోడ్‌లో ఒక చోట ‘కంటే ఎక్కువ’ని ‘ఎక్కువ లేదా సమానం’గా మార్చి సూట్ రన్ చేయండి. ఏదీ ఫెయిల్ కాకపోతే ఆ హద్దు దగ్గర మీకు కాపలా లేదు. ఈ పనిని వందల చోట్ల తానే చేసే మ్యుటేషన్ టెస్టింగ్ టూల్స్ ఉన్నాయి: జావాకు పిట్, జావాస్క్రిప్ట్‌కు స్ట్రైకర్. మొత్తం కోడ్ మీద నడిపితే గంటలు పడుతుంది, డబ్బు లెక్కలుండే మాడ్యూళ్లతో మొదలుపెట్టండి. ఇక ప్రొడక్షన్‌లో దొరికిన ప్రతి బగ్‌కీ ముందు ఫెయిలయ్యే టెస్ట్ రాసి, ఆ తర్వాతే ఫిక్స్ చేయండి.

సూట్ పూర్తవడానికి గంటలు

దాదాపు టెస్టులన్నీ బ్రౌజర్ తెరిచి నడిచేవే అయి ఉంటాయి. ఎజైల్ పుస్తకాల రచయిత మైక్ కోన్ 2009లో చెప్పిన టెస్ట్ పిరమిడ్‌లో యూనిట్ టెస్టులు (కోడ్‌లో ఒక్క చిన్న భాగాన్నే చూసేవి) అడుగున ఎక్కువగా, స్క్రీన్ టెస్టులు పైన కొద్దిగా ఉంటాయి. మీది తలకిందులైంది. అన్నీ తిరగరాయనక్కర్లేదు. పిన్‌కోడ్‌లో అక్షరాలు ఒప్పుకుంటుందా లాంటివి చూసే స్క్రీన్ టెస్టుల్ని ఒక్కొక్కటిగా యూనిట్ స్థాయికి దించుతూ పోండి.

స్టాండప్ అరగంట దాటుతోంది

టీమ్ రోజూ కాసేపు కలిసే స్టాండప్, మేనేజర్‌కి స్టేటస్ చెప్పే మీటింగ్‌గా మారిపోయింది. ‘నిన్న ఏం చేశావు, ఈరోజు ఏం చేస్తావు, ఏం అడ్డుంది’ అనే ఆ మూడు ప్రశ్నల్ని 2020 స్క్రమ్ గైడే తీసేసింది. బోర్డులో కుడి పక్క నుంచి, అంటే ‘డన్’కి దగ్గరగా ఉన్న స్టోరీ నుంచి మొదలుపెట్టి, దాన్ని ముగించడానికి ఏం అడ్డుందో అడగండి. పదిహేను నిమిషాలు చాలు.

‘ఎన్విరాన్‌మెంట్ డౌన్’

పై సమస్యలన్నీ సరిచేసినా ఇదొకటి మిగులుతుంది: టెస్టింగ్‌కి వాడే సర్వర్ పనిచేయకపోవడం. నాలుగు టీములు ఒకే టెస్ట్ సర్వర్ వాడుతుంటే, ఒకరు తమ కొత్త కోడ్‌ని అందులో పెట్టినప్పుడల్లా (డిప్లాయ్) మిగతా ముగ్గురి పని ఆగుతుంది. టీమ్‌కొక ఎన్విరాన్‌మెంట్ కంటెయినర్లతో (ఒకే మెషీన్‌లో విడివిడిగా నడిచే సాఫ్ట్‌వేర్ పెట్టెలు) ఇవ్వగలిగితే అదే మేలు. కుదరకపోతే పక్క టీమ్ సర్వీస్ స్థానంలో స్టబ్ (ముందే రాసిపెట్టిన జవాబులిచ్చే నకిలీ సర్వీస్) పెట్టుకోండి. కాకపోతే స్టబ్ ఇచ్చే జవాబు, అసలు సర్వీస్ ఇచ్చే జవాబు ఒకే రూపంలో ఉన్నాయని చూసే కాంట్రాక్ట్ టెస్ట్ ఒకటి ఆ పక్క టీమ్ పైప్‌లైన్‌లోనే నడవాలి. వాళ్లు ఫీల్డ్ పేరు మార్చిన రోజున వాళ్ల బిల్డే ఆగిపోతుంది, మీ స్ప్రింట్ కాదు.