క్యారియర్ ఇబ్బంది పెడుతుంటే ముందు దాని కాళ్ళు చూడండి

మారేడుమిల్లి నుంచి గుడిస కొండ ఎక్కుతున్నాం. నా బొలెరో పైన ఎవరో కూర్చుని స్పానర్‌తో కొడుతున్నట్టు టక్ టక్‌మని ఒకటే శబ్దం. పైకప్పు క్యారియర్ మీది సామాను కదులుతోందనుకుని దిగి తాళ్ళు బిగించాను. అర కిలోమీటరు పోగానే మళ్ళీ మొదలైంది. మూడోసారి ఆపినప్పుడు వెనక వస్తున్న జీపు డ్రైవర్ దిగి వచ్చాడు. అతను సామాను వైపు చూడనే లేదు. క్యారియర్ బండిని పట్టుకునే చోట చెయ్యి పెట్టి ఊపి చూశాడు. "సామాను బానే ఉందండీ, కాలు లూజయింది" అన్నాడు. ఎడమవైపు ముందు క్లాంపు, అంటే క్యారియర్ కాలిని బండికి బిగించే పట్టు, దాని నట్టు రెండు చుట్ల మీద వేలాడుతోంది. ఇంకో రెండు మలుపులు తిరిగితే సామానుతో సహా క్యారియర్ పక్కకి జారిపోయేది.

అప్పటి నుంచి నా బండికి గానీ, స్నేహితుల బండ్లకి గానీ పైన ఏ తేడా వచ్చినా ముందు కాళ్ళే చూస్తాను. శబ్దం, లీకు, సొట్ట, తుప్పు, ఏదైనా సరే, క్యారియర్ బండి మీద ఆనే ఆ నాలుగైదు చోట్లలోనే కారణం దొరకడం చాలాసార్లు చూశాను. అందుకే ఈ వరుస అంతా కాళ్ళ దగ్గర నుంచే వెళ్తుంది.

ముందు మీ బండి పైకప్పు ఏ రకమో తెలుసుకోండి

పైకప్పు మధ్యలో ఉండే రేకు బరువు మోయడానికి పెట్టింది కాదు. మోసేవి పక్క అంచులు, వాటి కింద ఉండే పిల్లర్లు. క్యారియర్ కాలు ఆ అంచు మీద ఆనాలి.

బొలెరో, జిమ్నీ లాంటి బండ్లకి తలుపుల పైన వాన నీరు జారిపోయే గాడి ఉంటుంది. షాపుల్లో గట్టర్ అంటారు. క్లాంపు పట్టుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు, ఒక్క రంధ్రం కూడా వెయ్యక్కర్లేదు. కొన్ని బండ్లకి కంపెనీయే పైన పొడవాటి రెయిళ్ళు ఇస్తుంది. అవి నిజంగా బరువు మోసేవా, అందానికి పెట్టినవా అన్నది ఓనర్ మాన్యువల్‌లో చూడాలి. చేత్తో లాగి చూస్తే తెలియదు.

2020లో వచ్చిన థార్ సంగతి వేరు. దాని హార్డ్ టాప్ ఇనుప రేకు కాదు, ఫైబర్. నేరుగా దాని మీద బరువు పెడితే పగుళ్ళు వస్తాయి. దానికి ముందు అద్దం ఫ్రేము దగ్గర, వెనక బాడీ దగ్గర ఆనుకునే ఫ్రేము ఉన్న రాకే (క్యారియర్‌నే రాక్ అని కూడా అంటారు) కావాలి. బరువు టాప్‌ని తాకకుండా బాడీలోకి దిగిపోవాలి. 2024లో వచ్చిన థార్ రాక్స్‌కి రేకు పైకప్పు ఉంది. పేరులో థార్ ఉంది కదా అని ఒకదాని రాక్ ఇంకోదానికి కొనకండి.

ఇక బరువు లెక్క. ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. జిమ్నీ పైకప్పుకి సుజుకి చెప్పే పరిమితి 30 కిలోలు. క్యారియర్ బరువు కూడా అందులోదే. 18 కిలోల అల్యూమినియం రాక్ పెడితే సామానుకి మిగిలేది 12 కిలోలు. ఇనుప పైపులతో వెల్డ్ చేయించిన భారీ క్యారియర్ పెడితే ఖాళీగానే పరిమితి దాటిపోవచ్చు. ఇంకో విషయం, ఇది బండి నడుస్తున్నప్పటి పరిమితి. ఆపి ఉన్న బండి ఇంతకంటే చాలా ఎక్కువే మోస్తుంది. రూఫ్ టెంట్ అమ్మేవాళ్ళు చెప్పే పెద్ద అంకె ఆపి ఉన్నప్పటిది. గుంతలో చక్రం పడ్డప్పుడు పైన ఉన్న ప్రతి కిలో అంతకు కొన్ని రెట్ల బరువుతో కాళ్ళని గుద్దుతుంది. మీరు చూడాల్సింది చిన్న అంకెనే.

సమస్య: గతుకుల్లో టక్ టక్, కిర్రుకిర్రు

కారణం వెతికే పద్ధతి చెప్తాను. సామాను మొత్తం దించేసి అదే దారిలో ఒకసారి నడపండి. శబ్దం పోతే తాళ్ళది, లేదా డబ్బాలది. పోకపోతే బండి ఆపి, ఒక్కో కాలు మీద ఒక చెయ్యి పెట్టి, రెండో చేత్తో క్యారియర్‌ని ఊపండి. కాలికి, గట్టర్‌కి మధ్య వెంట్రుకంత కదలిక ఉన్నా వేలికి తెలుస్తుంది.

కొత్తగా బిగించిన క్యారియర్ లూజవడానికి మామూలు కారణం రబ్బర్ ప్యాడ్. మొదటి 50, 100 కిలోమీటర్లలో రబ్బరు అణిగిపోతుంది. అది అణిగినంత మేరా బోల్టు పట్టు తగ్గుతుంది. అందుకే మొదటిరోజు ఎంత బాగా బిగించినా సరే, దారిలో ఒకసారి ఆపి మళ్ళీ బిగించాల్సిందే. రాజమండ్రిలో బయలుదేరితే రంపచోడవరంలో టీ తాగేటప్పుడు చేసేయొచ్చు, దూరం సరిగ్గా సరిపోతుంది.

పాత క్యారియర్ అయితే నట్లు మార్చండి. స్ప్రింగ్ వాషర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, రాళ్ళ దారి అదురుకి అది ఆగదు. లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్లు వాడండి. వాటిని నాలుగైదుసార్లు విప్పి బిగించాక ఆ రింగు పట్టు పోతుంది, అప్పుడు కొత్తవి వేసుకోవాలి. నైలాక్ పట్టని చోట నీలం రంగు థ్రెడ్ లాకర్, అంటే మరలు వదులవకుండా పట్టే జిగురు, ఒక చుక్క చాలు. ఎరుపు రంగుది వెయ్యకండి, తర్వాత విప్పాలంటే వేడి చెయ్యాల్సి వస్తుంది.

బిగించినా మళ్ళీ శబ్దం వస్తోందా? ఇంకా గట్టిగా బిగించడం పరిష్కారం కాదు. గట్టర్ అంచు పల్చటి రేకు, వంగిపోతుంది. క్లాంపు విప్పి చూడండి. బోల్టు రంధ్రం అరిగి గుడ్డు ఆకారంలోకి వచ్చి ఉంటుంది, లేదా మరలు అరిగి ఉంటాయి. అలాంటి క్లాంపుకి మరమ్మతు లేదు, మార్చేయడమే. కంపెనీ చెప్పిన టార్క్, అంటే ఎంత గట్టిగా బిగించాలన్న కొలత, కాగితంలో ఉంటుంది, టార్క్ రెంచ్ దగ్గర లేకపోతే టైర్ల షాపులో అడగండి.

ఒక చిన్న అలవాటు నాకు బాగా పనికొచ్చింది. అన్నీ సరిగ్గా బిగించాక నట్టు మీద నుంచి క్లాంపు మీదికి తెల్ల పెయింట్‌తో ఒక గీత గీస్తాను. నట్టు కొంచెం తిరిగినా గీత విరిగి కనిపిస్తుంది. స్పానర్ తియ్యకుండానే సంగతి తెలిసిపోతుంది.

సమస్య: 70 దాటితే గుయ్‌మని హోరు, లేదా ఈల

హోరుకీ ఈలకీ కారణాలు వేరు. గుండ్రటి అడ్డ కడ్డీని గాలి దాటేటప్పుడు కడ్డీ వెనక చిన్న చిన్న సుడులు పైనొకటి కిందొకటి క్రమంగా విడిపోతుంటాయి. ఆ క్రమమే మనకి గుయ్‌మని వినిపిస్తుంది. పొడవాటి ఉక్కు చిమ్నీల పైభాగంలో మెలికలు తిరిగిన పట్టీలు చూసే ఉంటారు, అవి సరిగ్గా ఈ సుడుల క్రమాన్ని చెడగొట్టడానికే. మనం కూడా అదే చెయ్యొచ్చు. ముందు కడ్డీకి సన్నటి తాడుని జానెడు ఎడంతో మెలికలుగా చుట్టి, రెండు చివర్లూ గట్టిగా కట్టండి. ఖర్చు దాదాపు ఏమీ లేదు, హోరు చాలా తగ్గుతుంది. పూర్తిగా తగ్గాలంటే ముందు ఏటవాలు రేకు, అంటే విండ్ డిఫ్లెక్టర్, పెట్టించుకోవాలి. దాని కింది అంచు పైకప్పుకి వీలైనంత దగ్గరగా ఉండాలి, కానీ తగలకూడదు. తగిలితే మొదటి ట్రిప్పుకే పెయింట్ పోతుంది.

ఈల అయితే ఎక్కడో ఒక రంధ్రమో, సన్నటి సందో ఉన్నట్టు. పైపుల చివర మూతలు ఊడిపోయాయేమో చూడండి. అవి బాగుంటే కడ్డీల మీద వాడని రంధ్రాలన్నిటికీ మాస్కింగ్ టేపు వేసి, ఒక్కొక్కటీ తీస్తూ నడపండి. ఏ టేపు తీశాక ఈల మళ్ళీ వచ్చిందో అదే దొంగ. సామాను మీది నవారు పట్టీ బిర్రుగా, బల్లపరుపుగా ఉన్నా గాలికి మోత మోగుతుంది. బిగించే ముందు పట్టీకి ఒకటి రెండు మెలికలు తిప్పండి, ఆగిపోతుంది.

సమస్య: వాన పడితే లోపల తడి

క్యారియర్ పెట్టించిన తర్వాత తడి కనిపిస్తే అందరం క్యారియర్‌నే అనుమానిస్తాం. ముందు రెండు విషయాలు చూసుకోండి. ముందు సీటు కింద మ్యాట్ మాత్రమే తడిస్తే అది ఏసీ నీళ్ళు బయటికి పోయే గొట్టం మూసుకుపోయి కావచ్చు. తలుపు రబ్బరు పక్కన చార ఉంటే రబ్బరుదే తప్పు.

అవి కాకపోతే ఇద్దరు కావాలి. ఒకరు లోపల టార్చి, టిష్యూ పేపర్ పట్టుకుని కూర్చోవాలి. ఇంకొకరు బయట పైపుతో నీళ్ళు సన్నగా వదలాలి, కింది నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి. ఒకేసారి పైన పోసేస్తే ఎక్కడ దిగుతోందో ఎప్పటికీ తెలియదు.

నా మొదటి క్యారియర్‌ని ఒక వెల్డింగ్ షాపులో పైకప్పుకి రంధ్రాలు వేసి బిగించారు. చుట్టూ సిలికాన్ పూశారు. రెండో వానాకాలానికి లోపలి గుడ్డ మీద గోధుమరంగు మచ్చలు. విప్పి చూస్తే సిలికాన్ కింద రేకు తుప్పుతో పొరలు పొరలుగా లేచి ఉంది. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, అది రేకుని తింటుంది. అద్దాలకి వాడేది ఇనుముకి వాడారన్నమాట. రంధ్రం అంచుకి ప్రైమర్ కూడా వెయ్యలేదు.

ఇప్పటికే రంధ్రాలు ఉంటే ఇలా చెయ్యండి. బోల్టు తీసి తుప్పంతా మెరిసే ఇనుము కనిపించేదాకా గీకాలి. జింక్ ప్రైమర్ రెండు పూతలు వేసి పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత కార్ల బాడీకి వాడే పాలీయురెథేన్ సీలెంట్ వేసి, రబ్బర్ వాషర్‌తో బిగించాలి. ఆ రంధ్రం ఇక అక్కర్లేదనుకుంటే బాడీ షాపులో రేకు ముక్క పెట్టి మూయించెయ్యండి. నేను అదే చేశాను.

ఇంకా రంధ్రాలు వెయ్యనివాళ్ళకి గట్టిగా చెప్తున్నాను, వెయ్యనివ్వకండి. జిమ్నీ లాంటి బండ్లలో తలుపుల పైన, పైకప్పు అంచు వెంబడి లోపల కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. బయటి నుంచి దిగిన డ్రిల్ బిట్ దేన్ని తాకిందో మీకు తెలియదు, అవసరమైన రోజున అది తెరుచుకోకపోవచ్చు. చట్టం కూడా ఉంది. మోటార్ వాహనాల చట్టం 1988, 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. ఏం పెట్టించే ముందైనా ఆర్టీఓ ఆఫీసులోనూ, ఇన్సూరెన్స్ వాళ్ళనీ అడగండి. ఇన్సూరెన్స్ జవాబు కాగితం మీద తీసుకోండి. గట్టర్‌కి క్లాంపుతో పట్టి, అరగంటలో విప్పెయ్యగలిగే రాక్ నా దృష్టిలో అన్ని విధాలా మేలు.

సమస్య: పైకప్పు రేకు సొట్ట పోయింది

కాలు అంచు మీద కాకుండా రేకు మీద ఆనుతోంది. లేదా కాళ్ళు చాలక కడ్డీ మధ్యలో కుంగి రేకుని తాకుతోంది. సామాను ఉన్నప్పుడు కడ్డీకి, రేకుకి మధ్య మీ వేళ్ళు దూరుతున్నాయా? దూరకపోతే ఇదే కారణం. నాలుగు కాళ్ళ క్యారియర్‌ని ఆరు కాళ్ళదిగా మార్చుకోవాలి. బరువైనవి మధ్యలో కుప్పగా కాకుండా కాళ్ళకి దగ్గరగా పెట్టాలి. చిన్న సొట్ట బరువు తియ్యగానే తనే లేస్తుంది. లేవకపోతే పెయింట్ పోకుండా లాగే డెంట్ పనివాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి, లోపలి నుంచి సుత్తితో కొట్టకండి.

సమస్య: ఘాట్‌లో బండి పక్కకి ఒరిగిపోతున్నట్టుంది

ఒరుగుతోంది కాబట్టే అలా అనిపిస్తోంది. పైకప్పు మీద పెట్టిన బరువు బండి గురుత్వ కేంద్రాన్ని పైకి లాగుతుంది. మారేడుమిల్లి–చింతూరు ఘాట్ లాంటి వరుస మలుపుల్లో, పక్కవాటు రాళ్ళ దారిలో ఇది ప్రాణాల మీదికి తెచ్చే విషయం, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. 20 లీటర్ల నీళ్ళ డబ్బా అంటే 20 కిలోలు, డీజిల్ అయితే 17 దాకా. ఇవన్నీ లోపల, వీలైనంత కింద, వెనక సీటుకి ఆనుకుని ఉండాలి. స్టెప్నీ పైన వద్దు. పైకప్పు మీద పరుపులు, టెంటు గుడ్డ, ఖాళీ డబ్బాలు, కుర్చీలు లాంటివి చాలు. బరువు తగ్గించినా ఊగుతుంటే టైరు గాలి, షాక్ అబ్జార్బర్లు చూపించండి.

తాడు విషయం ఇక్కడే చెప్పాలి. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది. వానలో బయలుదేరితే గంటలో సామాను లూజవుతుంది. మీట ఆడిస్తూ బిగించే పాలియెస్టర్ రాచెట్ పట్టీలు అంతగా సాగవు.

సమస్య: క్లాంపు కింద నుంచి ఎర్ర చారలు

విశాఖ–భీమిలి తీరం వెంబడి తిరిగే బండ్లకి ఇది తప్పదు. క్లాంపు కింద చేరిన ఇసుక పెయింట్‌ని గీస్తుంది, ఉప్పు గాలి మిగతా పని చేస్తుంది. ఏటా వానలకి ముందు, తర్వాత క్లాంపులు విప్పి, గాడి కడిగి, గీతలకి టచప్ పెయింట్ వేసి, కొత్త ప్యాడ్ పెట్టండి. అల్యూమినియం రాక్‌కి స్టీల్ బోల్టులు వాడితే, రెండు లోహాలు కలిసేచోట ఉప్పు తడికి అల్యూమినియం తెల్ల పొడిగా రాలుతుంది. మధ్యలో నైలాన్ వాషర్, కొద్దిగా గ్రీజు ఉండాలి.

మైలేజీ తగ్గిందా?

తగ్గుతుంది. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. 60లో ఉన్నదానికి 90లో రెండుంపావు రెట్లు. ట్రిప్ అయ్యాక విప్పెయ్యడమే మందు. విప్పనంతకాలం స్టీరింగ్ పక్కన బండి కొత్త ఎత్తు రాసిన స్టిక్కర్ అంటించండి. 1720 మిల్లీమీటర్ల జిమ్నీ మీద రాక్, దాని మీద టెంటు పెట్టాక అపార్ట్‌మెంట్ సెల్లార్ దూలానికి ఎంత ఎడం ఉంటుందో టేపుతో కొలిచి చూసుకోండి.