సన్న తూనీగల పందిరి – 4వ పాఠం: తూనీగలను లోపలికి వదలడం

పెరట్లో పందిరి వేసి, చుట్టూ దోమతెర బిగించి, మధ్యలో నీళ్ల తొట్టి పెట్టి అంతరతామర వేయడం వరకూ పోయిన పాఠంలో చూశాం. సాలీడు ఒక్కటి లోపల ఉన్నా మన పనంతా పాడు చేస్తుంది. మూలలన్నీ ఇంకోసారి వెతకండి.

మనం పెంచబోయేది సెరియాగ్రియాన్ కోరమాండెలియానమ్ అనే సన్న తూనీగ. 1798లో డెన్మార్క్ కీటక శాస్త్రవేత్త ఫాబ్రీషియస్ దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. పేరులో ఉన్నది మన కోరమాండల్ తీరమే. చెరువు గట్టు గడ్డిలో, రెక్కలు వీపు మీదికి ముడుచుకుని వాలే పసుపు తూనీగ అది. ఆడది కాస్త మాసిన రంగులో ఉంటుంది.

పొద్దున్నే, ఎండ ఎక్కకముందే పట్టుకోండి. చిన్నప్పుడు తోకకు దారం కట్టడానికి పట్టిన చేతులే కదా, అలవాటు ఉంటుంది. ఈసారి మాత్రం తోక ముట్టుకోవద్దు. ముడిచిన రెక్కలు నాలుగూ కలిపి రెండు వేళ్ల మధ్య పట్టుకుని, ఒక రెక్క మీద సన్నమొన పర్మనెంట్ మార్కర్‌తో నంబర్ వేయండి. రెక్కలు తళతళలాడుతూ, ఒళ్లు మెత్తగా ఉంటే అది కొత్తగా బయటికొచ్చింది. దాన్ని వదిలేయండి.

తిండికి మగ్గిన అరటిపండు ఒక గిన్నెలో పెడితే చాలు. దానిమీద ముసిరే చిన్న ఈగలను అవే పట్టుకుంటాయి.

అసలు సంగతి ఆడవాటికి చాటు. మొదటిసారి నేను మొక్కలన్నీ తొట్టి చుట్టూనే పెట్టాను. పన్నెండు మగవి, నాలుగు ఆడవి. రెండో రోజుకే ఆడవి నాలుగూ తెర పైఅంచుకు అతుక్కుపోయాయి, కిందికి దిగితే మగవి వదలవు. వారం పాటు రాసుకున్నదంతా ఇరుకులో పడ్డ తూనీగల కథే తప్ప, చెరువు దగ్గర జరిగేది కాదు. బయట ఆడది ఎక్కువసేపు నీటికి దూరంగానే గడుపుతుంది, జతకట్టడానికి, గుడ్లు పెట్టడానికే ఒడ్డుకొస్తుంది. అందుకే తొట్టికి దూరంగా ఒక మూల గుబురుగా తుంగ, గడ్డి పెంచండి. మగవాటిని ఆడవాటికన్నా ఎక్కువ వేయకండి.

మొదటి రెండు రోజులు ఏమీ రాయవద్దు, తెరకు కొట్టుకోవడం తగ్గనివ్వండి. మూడో రోజు ఎండపడ్డాక తొట్టి పక్కన కదలకుండా కూర్చోండి. జత కలిసి విడిపోయాక కూడా మగది తోక కొసతో ఆడదాని మెడ వెనక పట్టు వదలదు. ఆడది ఆకులోకి గుడ్లు దించుతుంటే దానిమీద పుల్లలా నిటారుగా నిలబడుతుంది. ఎందుకంత కాపలా? అమెరికాలోని ఇంకో సన్న తూనీగ జాతిలో, మగది ముందు జతకట్టిన మగదాని వీర్యాన్ని తీసేసి తనది ఉంచుతుందని 1979లో జీవశాస్త్రవేత్త జొనాథన్ వాగే చూపించాడు. ఆడది గుడ్లు పెట్టేలోపు ఇంకొకటి వస్తే మొదటిదాని శ్రమ వృథా.

ఈ వారం మీ పని: ఆ పట్టు మొదలైన నిమిషం, వదిలిన నిమిషం, రెండింటి నంబర్లు రాయండి. అవి వాలిన ఆకుకు దారం కట్టి గుర్తు పెట్టుకోండి. వచ్చే పాఠంలో ఆ ఆకును ఎండకు ఎత్తి గుడ్లు చూద్దాం.