ట్రాక్ మీద సొంత కారు – 4వ పాఠం: హెల్మెట్ ఎంచుకోవడం

పోయిన పాఠంలో బ్రేక్ ఆయిల్ మార్చడం, టైర్లలో గాలి చూసుకోవడం నేర్చుకున్నాం. అవి కారు పనులు. ఈ పాఠం నుంచి కారులో కూర్చునే మనిషి సంగతి: ముందు హెల్మెట్, ఆ తర్వాత సీటు, బెల్టు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి పెద్ద ట్రాక్ మీద నడపాలంటే చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేకో పోవాలి. అద్దంకి రోడ్డు పట్టుకొని నెల్లూరు మీదుగా పోయినా, జడ్చర్ల నుంచి 44వ నంబరు హైవే మీద బెంగళూరు దాటి పోయినా దాదాపు ఒక రోజు ప్రయాణం. అంత దూరం పోయాక తనిఖీలో హెల్మెట్ పనికిరాదంటే ఆ రోజు పోయినట్టే. అక్కడ ఎవరో అరువిచ్చిన హెల్మెట్ మీ తలకు కుదురుతుందన్న నమ్మకం లేదు. కాబట్టి ఎంట్రీ ఫీజు కట్టక ముందే ఈ పని ముగించాలి.

లోపల జరిగేది ఏమిటి

పైన గట్టి షెల్ ఉంటుంది: ఫైబర్‌గ్లాస్, కార్బన్ లేదా రెండూ కలిపిన పొరలు. దాని లోపల ఈపీఎస్, అంటే మనం థర్మోకోల్ అనేదే, కాకపోతే ఈ పనికి తగిన సాంద్రతతో పోసింది. తలకు తాకేది మెత్తటి బట్ట ప్యాడింగ్. ప్రాణం కాపాడే పనిలో ఎక్కువ భాగం మధ్యనున్న ఆ తెల్ల పొరది. దెబ్బ తగిలినప్పుడు అది నలుగుతుంది. అది నలిగే కొద్ది సెంటీమీటర్ల మేర తల వేగం క్రమంగా తగ్గుతుంది. ఒకసారి నలిగిన చోట మళ్లీ ఉబ్బదు.

దీన్నిబట్టి రెండు సంగతులు తేలుతాయి. లోపల తలతో ఒక్కసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి ఎంత కొత్తగా కనిపించినా దాని పని అయిపోయింది. రెండోది, హెల్మెట్ వదులుగా ఉంటే దెబ్బ సమయంలో తల ముందు ఖాళీలో కదిలి, ఆ తర్వాతే థర్మోకోల్‌ను గుద్దుకుంటుంది. అప్పటికి షెల్ ఆగిపోయి ఉంటుంది, తల మాత్రం అదే వేగంలో ఉంటుంది. అందుకే మా వరసలో మొదటిది ఫిట్టింగ్, రెండోది లోపలి లేబుల్, మూడోది బరువు. రంగు, డిజైన్ చివర చూసుకోవచ్చు.

బైకు హెల్మెట్ ఎందుకు వద్దు

నల్లగొండ క్లాక్ టవర్ చుట్టుపక్కల షాపుల్లో దొరికేవన్నీ బైకు హెల్మెట్లే. వాటి మీది ఐఎస్ఐ ముద్ర ఐఎస్ 4151 ప్రమాణానిది, అది ద్విచక్ర వాహనాల కోసం రాసింది. బైకు మీద పడ్డవాడి తల రోడ్డుకు, ఫుట్‌పాత్ అంచుకు తగులుతుంది. కారులో ఉన్నవాడి తల రోల్ కేజ్ (పల్టీ కొట్టినా కారు నలగకుండా లోపల బిగించే చట్రం) ఇనుప గొట్టానికి, తలుపు పైభాగానికి, పైకప్పును మోసే స్తంభానికి తగులుతుంది. పైగా కారులో మంట భయం ఉంది. బెల్టుల్లో బిగించుకొని కూర్చున్న మనిషి బయటికి రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. మామూలు బైకు హెల్మెట్ లోపలి పాలియెస్టర్, నైలాన్ బట్ట ఆ సెకన్లలో కరిగి చర్మానికి అంటుకోవచ్చు.

ఈ తేడాను లెక్కలోకి తీసుకున్న ప్రమాణం హెల్మెట్లను పరీక్షించే స్నెల్ సంస్థది. 1956లో విలియం స్నెల్ అనే రేసర్ అమెరికాలో ఒక పోటీలో తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. అతని హెల్మెట్ అతన్ని కాపాడలేకపోయింది. మరుసటి ఏడాది అతని పేరు మీద ఆ సంస్థ పెట్టారు. దాని లేబుళ్లలో మనకు కావలసింది కారు రేసుల కోసం ఉన్న ‘ఎస్‌ఏ’. ఎస్‌ఏ పరీక్షలో హెల్మెట్‌ను రోల్ బార్ ఆకారంలో ఉన్న ఇనుప దిమ్మ మీద కూడా పడేస్తారు. ప్రొపేన్ మంట పెట్టి, మంట తీసేశాక అది తనంతట తాను ఆరిపోతుందా అని చూస్తారు. ‘ఎం’ అంటే మోటార్‌సైకిల్, ‘కె’ అంటే కార్టింగ్ (పైకప్పు లేని చిన్న కార్ట్‌లు నడపడం). ఈ రెండింటికీ మంట పరీక్ష లేదు. హైదరాబాద్‌లో కార్టింగ్ వరకే అయితే ‘కె’ చాలు, కారుకు చాలదు. పిల్లలు కార్టింగ్ నేర్చుకుంటుంటే వాళ్లకు పెద్దల హెల్మెట్‌లో చిన్న సైజు ఇవ్వకండి. లేత మెడకు తగినట్టు తేలిగ్గా చేసిన పిల్లల హెల్మెట్లకు స్నెల్‌లోనే వేరే ప్రమాణం ఉంది.

ఎస్‌ఏ పక్కన ఉండే సంవత్సరం ప్రమాణం తాలూకుది, తయారైన ఏడాది కాదు. 2015, 2020, 2025 అని ఐదేళ్లకోసారి కొత్త ప్రమాణం వస్తుంది. ఇప్పుడు కొనేవాళ్లు ఎస్‌ఏ2020 కంటే పాతది కొనవద్దు. పాతదాన్ని తక్కువ ధరకు ఇస్తామంటారు, కానీ నిర్వాహకులు దాన్ని తనిఖీలో ఒప్పుకునే కాలం అప్పటికే చాలావరకు గడిచిపోయి ఉంటుంది. ప్రపంచ మోటార్ క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏ ఇచ్చే 8859 లేబుల్ ఉన్నా మంచిదే. 8860 అనేది ఫార్ములా వన్ స్థాయిది. దాని ఖరీదుకు కొత్తవాళ్లు రెండు సెట్ల టైర్లు, ఇంకో ట్రాక్ డే (ఫీజు కట్టి సొంత కారును ట్రాక్ మీద నడిపే రోజు) చూసుకోవడం మేలని మా అభిప్రాయం.

లేబుల్ బయట ఉండదు. లోపలి ప్యాడింగ్‌ను మెల్లగా పక్కకు తీస్తే కనిపిస్తుంది, దాని మీద వరుస సంఖ్య ఉంటుంది. వెనకవైపు బయట స్టిక్కర్‌గా అంటించి, లోపల ఏమీ లేకపోతే ఆ వస్తువును అక్కడే వదిలేయండి. తయారైన నెల, ఏడాది వేరే చీటీ మీద ఉంటాయి, అవీ చూడండి.

కొత్తవాళ్ల ట్రాక్ డేలకు కొన్నిచోట్ల ‘ఎం’ లేబుల్‌ను, యూరప్ బైకు ప్రమాణమైన ఈసీఈ 22.06ను అనుమతిస్తారు. నియమాల పత్రం ముందే తెప్పించుకొని చదవండి. అనుమతి ఉన్నంత మాత్రాన మంట సంగతి మారదు. ఒక్కసారి నడిపి చూసి తేల్చుకుందాం అనుకునేవాళ్లకు అది సరే, మళ్లీ మళ్లీ వెళ్లేవాళ్లకు కాదు. తిరగేసి కూడా చెప్పాలి: ఎస్‌ఏ హెల్మెట్‌ను బైకు మీద పెట్టుకోవద్దు. దాని కంటి కిటికీ ఇరుకుగా ఉంటుంది, పక్కనుంచి వచ్చే లారీ ఆలస్యంగా కనిపిస్తుంది. 2021 జూన్ 1 నుంచి మన దేశంలో ద్విచక్ర వాహన హెల్మెట్‌కు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి కూడా.

తల కొలవడం

దర్జీ టేపు తీసుకోండి. లేకపోతే సాగని దారం, స్కేలు చాలు. కనుబొమల పైన రెండున్నర సెంటీమీటర్ల ఎత్తులో మొదలుపెట్టి, చెవుల పైనుంచి, తల వెనక బాగా పొడుచుకొచ్చిన చోటు మీదుగా చుట్టండి. ఎవరికి వాళ్లు కొలుచుకుంటే టేపు వెనక జారుతుంది, ఇంట్లో ఇంకొకరితో పట్టించండి. మూడుసార్లు కొలిచి, వాటిలో పెద్ద అంకె రాసుకోండి. చాలా కంపెనీల్లో 57–58 సెంటీమీటర్లు మీడియం, 59–60 లార్జ్, 61–62 ఎక్స్‌ట్రా లార్జ్. అయితే కంపెనీకీ కంపెనీకీ తేడా ఉంటుంది కాబట్టి ఆ కంపెనీ పట్టికే చూడాలి. కొలత రెండు సైజుల మధ్య పడితే ముందు చిన్నది వేసి చూడండి. ప్యాడింగ్ వాడకంలో కొంత అణుగుతుంది.

కొలత ఒకటే అయినా తల ఆకారం అందరిదీ ఒకటి కాదు. పైనుంచి చూస్తే కొందరిది ముందుకూ వెనక్కూ పొడవు, కొందరిది దాదాపు గుండ్రం. ఒకరికి హాయిగా ఉన్న 58 సైజు ఇంకొకరికి నుదుటి మీద మేకులా గుచ్చుకునేది అందుకే. ఇది టేపుతో తెలియదు, తలకు పెట్టుకుంటేనే తెలుస్తుంది.

పెట్టుకొని పరీక్షించడం

జుట్టు తడిగా గానీ నూనెతో గానీ ఉండకూడదు. కొబ్బరినూనె లోపలి బట్టలోకి ఇంకితే దుర్వాసన ఒక్కటే కాదు, మంటను తట్టుకునే బట్టకు మండే పదార్థం అంటినట్టే. ట్రాక్ మీద హెల్మెట్ కింద బాలక్లావా (తలను, ముఖాన్ని కప్పే బట్ట ముసుగు) వేసుకుంటారు కాబట్టి దాన్ని వేసుకునే పరీక్షించండి. పొడవు జుట్టు ఉన్నవాళ్లు కొప్పు పెట్టుకోకుండా, జడను మెడ దగ్గర కిందికి వదలాలి. కొప్పు హెల్మెట్‌ను పైకి ఎత్తేస్తుంది.

స్ట్రాప్‌లు రెండూ బయటికి లాగి పట్టుకొని తల దూర్చండి. దూర్చేటప్పుడు కొంచెం కష్టంగానే ఉండాలి. పెట్టుకున్నాక కనుబొమల పైన నుదుటికీ ప్యాడింగ్‌కూ మధ్య చిటికెన వేలు పోకూడదు. బుగ్గలు కొంచెం పైకి నెట్టుకొస్తాయి, నమిలినట్టు దవడ ఆడిస్తే బుగ్గ లోపలి భాగం పళ్లకు తగులుతుంది. అది సరైన గుర్తు. ఇప్పుడు గడ్డం ముందుండే హెల్మెట్ గట్టి భాగాన్ని చేత్తో పట్టుకొని కుడి ఎడమలకు, పైకి కిందికి కదపండి. ముఖం చర్మం హెల్మెట్‌తో పాటే కదలాలి. చర్మం కదలకుండా ప్యాడింగ్ దాని మీద జారితే సైజు పెద్దది.

తర్వాతి పరీక్షను షాపుల్లో ఎవరూ చేయించరు, మీరే చేయాలి. స్ట్రాప్ గట్టిగా బిగించి, ఇంకొకరిని వెనక నిలబెట్టి హెల్మెట్ వెనక కింది అంచు పట్టుకొని పైకీ ముందుకూ నెట్టమనండి. అది కళ్ల మీదికి దొర్లి ఊడివచ్చేలా ఉంటే ఎంత మంచి లేబుల్ ఉన్నా వద్దు. కారు పల్టీ కొట్టినప్పుడు జరిగేది సరిగ్గా అదే.

అన్నీ కుదిరాయనిపిస్తే అలాగే అరగంట కూర్చోండి. షాపువాడు తొందరపెడితే ఇంకో షాపు. తీశాక అద్దంలో చూసుకోండి. నుదురంతా సమానంగా ఎర్రబడితే పరవాలేదు. నుదుటి మధ్యలో ఒక్కచోటే గట్టి మచ్చ పడి నొప్పి ఉంటే మీ తల పొడవు, హెల్మెట్ గుండ్రం. చెవుల పైన రెండు పక్కలా నొక్కి, ముందూ వెనకా ఖాళీ ఉంటే మీ తల గుండ్రం, హెల్మెట్ పొడవు. రెండింటికీ పై సైజు మందు కాదు, వేరే మోడల్ చూడాలి. బుగ్గల దగ్గరి ప్యాడ్‌లు చాలా కంపెనీలు వేర్వేరు మందాల్లో అమ్ముతాయి, వాటిని మార్చుకోవచ్చు. థర్మోకోల్‌ను మాత్రం చెంచాతో నొక్కడం, బ్లేడుతో గీకడం వంటివి ఎప్పుడూ చేయవద్దు. గీకిన చోట నలగడానికి ఏమీ మిగలదు.

కళ్లద్దాలు వాడేవాళ్లు వాటితోనే పరీక్షించాలి. కాడలు కణతల మీద ఒత్తితే పది నిమిషాల్లో తలనొప్పి మొదలవుతుంది. కాడలు నిటారుగా, సన్నగా ఉన్న జత వేరే పెట్టుకోండి.

స్ట్రాప్ బిగింపు

రేస్ హెల్మెట్లకు స్ట్రాప్ బిగించడానికి ‘D’ ఆకారంలో రెండు రింగులు (డి-రింగులు) ఉంటాయి. స్ట్రాప్ కొసను రెండు రింగుల్లోంచీ దూర్చి, వెనక్కి తిప్పి, బయటి రింగు మీదుగా లోపలి రింగు కిందుగా తెచ్చి లాగాలి. గొంతుకూ స్ట్రాప్‌కూ మధ్య ఒక్క వేలు పట్టేంత ఉంటే చాలు. చివర ఉండే బటన్ కొస గాలికి ఎగరకుండా పట్టేది మాత్రమే. ఒక్క రింగులోనే దూర్చి బటన్ పెట్టేసేవాళ్లు ఉంటారు. అలా చేస్తే ఒక్క గుంజుకు స్ట్రాప్ జారి ఊడుతుంది. గ్లవ్స్ వేసుకోక ముందే బిగించుకోవడం అలవాటు చేసుకోండి.

కారులో కూర్చొని చూడాలి

ఈ మెట్టును చాలామంది వదిలేస్తారు. హెల్మెట్ పెట్టుకుంటే మీ ఎత్తు కొన్ని సెంటీమీటర్లు పెరుగుతుంది. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో, అందులోనూ సన్‌రూఫ్ ఉన్నదాంట్లో, పొడవైనవాళ్ల హెల్మెట్ పైకప్పుకు తగులుతుంది. ట్రాక్ మీద కూర్చునే తీరులో కూర్చొని, పైన పిడికిలి పట్టేంత ఖాళీ ఉందా చూడండి. లేకపోతే సీటు పూర్తిగా కిందికి దించండి, వీపు భాగాన్ని కాస్త వెనక్కి వాల్చండి. అయినా తగిలితే ఆ కారుకు సీటు పట్టాలు మార్చాల్సి ఉంటుంది, దాని సంగతి వచ్చే పాఠంలో. సీటు హెడ్‌రెస్ట్ హెల్మెట్‌ను ముందుకు నెట్టి గడ్డాన్ని ఛాతీ వైపు వంచుతోందా అన్నదీ అప్పుడే తెలుస్తుంది. పక్క అద్దాలు, మలుపు లోపలి వైపు కనిపిస్తున్నాయా అని తల తిప్పి చూడండి.

ముఖం తెరిచి ఉండే హెల్మెట్ చల్లగా ఉంటుంది, చూపు బాగుంటుంది. అయినా దవడను, పళ్లను కాపాడలేదు. కిటికీ దించి నడపమనే చోట దుమ్ము, రాళ్లు నేరుగా కళ్లలోకి వస్తాయి. మేమైతే గడ్డం దాకా ముఖాన్ని కప్పే ఫుల్ ఫేస్ తప్ప సూచించం.

బరువు, మెడ

ఎస్‌ఏ ఫుల్ ఫేస్ హెల్మెట్లు చాలావరకు 1.4 నుంచి 1.7 కిలోల మధ్య తూగుతాయి. కారు గోడను ఢీకొని తల మీద 30 ‘జి’ (భూమి ఆకర్షణకు 30 రెట్లు) పడిందనుకోండి, 1.5 కిలోల హెల్మెట్ మెడను 45 కిలోల బరువుతో లాగుతుంది. 300 గ్రాములు తగ్గితే 9 కిలోలు తగ్గినట్టు. అందుకే రెండు హెల్మెట్లు సమానంగా కుదిరితే తేలికైనదే తీసుకోండి. కుదిరిన బరువైనదాన్ని వదిలి, కుదరని తేలికదాన్ని మాత్రం తీసుకోవద్దు.

మెడను పట్టి ఉంచే హాన్స్ పరికరం కోసం ఎస్‌ఏ2015 నుంచి హెల్మెట్ల రెండు పక్కలా ఎం6 (6 మిల్లీమీటర్ల) మరలకు ఏర్పాటు ఉంటుంది. ఇవాళ హాన్స్ కొనకపోయినా అది పనికొస్తుంది. ఆ ఏర్పాటు లేని హెల్మెట్‌కు డ్రిల్లుతో రంధ్రం వేయించవద్దు. కంపెనీ బిగించిన మామూలు సీటు బెల్టుతో సాధారణ హాన్స్ పనిచేయదని గుర్తుంచుకోండి. దానికి రెండు భుజాల మీదుగా వచ్చే బెల్టులు కావాలి.

కొన్నాక

సెకండ్ హ్యాండ్ వద్దు. అది ఎన్నిసార్లు, దేనికి తగిలిందో చూసి చెప్పగలిగే మార్గం లేదు. సొంతదే అయినా ఐదేళ్లకు మార్చాలని తయారీదారులు చెబుతారు. చెమట, వేడి లోపలి జిగురునూ బట్టనూ తినేస్తాయి.

మే నెలలో నల్లగొండలో 45 డిగ్రీలు పడుతుంది. ఎండలో నిలిపిన కారు లోపల అంతకంటే చాలా ఎక్కువ. హెల్మెట్‌ను డిక్కీలో వదిలేయకుండా ఇంట్లోకి తెచ్చుకోండి. పెట్రోల్ క్యాన్ పక్కన అసలే పెట్టవద్దు, పెట్రోల్ ఆవిరి థర్మోకోల్‌ను తినేస్తుంది. థిన్నర్, స్ప్రే పెయింట్ కూడా అంతే. పేరు రాయించాలంటే తయారీదారు ఏ రంగుకు ఒప్పుకుంటాడో ముందు తెలుసుకోండి. పైన గోరువెచ్చని నీళ్లు, తేలికపాటి షాంపూతో తుడిచి నీడలో ఆరబెట్టాలి. వైజర్‌ను (కళ్ల ముందుండే పారదర్శక పలకను) పొడి గుడ్డతో రుద్దితే దుమ్ము గీతలు పెడుతుంది, ముందు తడపండి. బాలక్లావాలు రెండు తీసుకెళ్లండి. మధ్యాహ్నానికి మొదటిది పిండేటట్టు తడుస్తుంది.

ఈ వారం అభ్యాసం

నోటు పుస్తకంలో నాలుగు రాసుకోండి: తల చుట్టుకొలత, ఇప్పుడున్న బైకు హెల్మెట్‌ను అరగంట పెట్టుకుంటే ఒత్తిన చోటు (తద్వారా మీ తల పొడవా గుండ్రమా అన్నది), అదే హెల్మెట్‌తో కారులో కూర్చున్నప్పుడు పైకప్పుకు మిగిలిన ఖాళీ సెంటీమీటర్లలో, మీరు వెళ్లాలనుకున్న ట్రాక్ డే నియమాల్లో ఒప్పుకునే లేబుళ్లు. పైకప్పు కొలత 5వ పాఠంలో సీటు ఎత్తు లెక్కకు కావాలి, దాన్ని మాత్రం తప్పకుండా తీసి ఉంచండి.