గాయకుల అవార్డులు, కచేరీల వార్తలు రాసేటప్పుడు: తిరుపతి, చిత్తూరు కంట్రిబ్యూటర్ల కోసం

తిరుపతి మహతి ఆడిటోరియంలో కచేరీ ఎనిమిదిన్నరకు ముగిసిందంటే జిల్లా పేజీ అప్పటికే సగం కట్టేసి ఉంటుంది. డెస్క్ నుంచి ఫోన్ మీద ఫోన్. వాగ్గేయకారుల (పాట రాసి బాణీ కూడా కట్టేవాళ్ల) వార్తలు ఆ హడావుడిలో ఎప్పుడూ ఒకేచోట దెబ్బతింటాయి. రాసిందెవరు, బాణీ కట్టిందెవరు, పాడిందెవరు అన్నవి మూడు వేర్వేరు పనులు. అవన్నీ ఒక్కరి ఖాతాలో పడిపోతాయి. హాల్లో కూర్చోగానే నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీసుకోండి: రచన, స్వరరచన, గానం, వాద్య సహకారం. కచేరీ అయ్యాక ఏ గడైనా ఖాళీగా ఉంటే వేదిక దిగుతున్న వయొలిన్ విద్వాంసుణ్ణి అడగండి, ఆయనకు సాధారణంగా తెలిసే ఉంటుంది. తెలియలేదా, ఆ ముక్క వదిలేయండి. ఊహతో నింపొద్దు.

ఈ గడులు మన ఊళ్లో ఎక్కువగా అక్కరకొచ్చేది అన్నమయ్య సంకీర్తనలకే. రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, పైన రాగం పేరు ఉంది. స్వరం మాత్రం లేదు. ఇప్పుడు వేదికల మీద వినిపించే బాణీల్లో చాలావరకు గత వందేళ్లలో కట్టినవే. 'నానాటి బదుకు'ను రేవతి రాగంలో స్వరపరిచింది నేదునూరి కృష్ణమూర్తి. 'వినరో భాగ్యము విష్ణుకథ' బాణీ గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌ది. 2025 మార్చి 9న తిరుపతిలోనే కన్నుమూసిన ఆయన 600కు పైగా సంకీర్తనలకు బాణీలు కట్టారు. అందుకే 'అన్నమయ్య రేవతి రాగంలో స్వరపరిచిన నానాటి బదుకు' అని రాస్తే నేదునూరి వారి పని అన్నమయ్యకు రాసిచ్చినట్టే. 'అన్నమయ్య సంకీర్తన నానాటి బదుకును నేదునూరి బాణీలో, రేవతి రాగంలో ఆలపించారు' అంటే సరిపోతుంది. రెండు మాటలు పెరుగుతాయి, అంతే. త్యాగయ్యవి కృతులు, అన్నమయ్యవి సంకీర్తనలు, క్షేత్రయ్యవి పదాలు. అన్నింటినీ 'భక్తి పాటలు' అని ఒకే గాటన కట్టేస్తే సంగీత కళాశాల వాళ్లు పొద్దున్నే ఫోన్ చేస్తారు, చేయాలి కూడా.

జయంతి, వర్ధంతి వార్తలకు పోయిన ఏడాది ఐటమ్ తెరిచి తేదీ దించేయడం ఇంకో అలవాటు. అన్నమయ్య జయంతి వైశాఖ పౌర్ణమి, వర్ధంతి ఫాల్గుణ బహుళ ద్వాదశి. రెండూ తిథులే కాబట్టి ఇంగ్లిష్ తేదీ ఏటా మారుతుంది. తిథి, ఈ ఏటి తేదీ రెండూ వేయండి.

ఇక అవార్డులు. ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఆస్కార్ పాట విభాగం లాంటివాటికి నాలుగు మెట్లుంటాయి: పరిశీలనకు పంపడం, షార్ట్‌లిస్ట్, నామినేషన్, గెలుపు. నిర్మాత పరిశీలనకు పంపగానే 'ఆస్కార్ బరిలో మనవాడు' అని హెడ్డింగ్ పెట్టేస్తే, నిజంగా నామినేషన్ వచ్చిన రోజు రాయడానికి ఏమీ మిగలదు. 'ఆర్ఆర్ఆర్' సినిమాలోని 'నాటు నాటు'నే తీసుకోండి. 2022 డిసెంబరులో 15 పాటల షార్ట్‌లిస్ట్‌లోకి వచ్చింది, 2023 జనవరి 24న అయిదు నామినేషన్లలో ఒకటైంది, మార్చి 12 రాత్రి గెలిచింది. అది అమెరికా లెక్క, మనకు అప్పటికి 13వ తేదీ సోమవారం పొద్దు. ఆ ఆస్కార్ ఉత్తమ పాటకు, అంటే సంగీతం కట్టిన కీరవాణికి, రాసిన చంద్రబోస్‌కు. వేదిక మీద పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవలకు ఆ ప్రతిమ రాలేదు. 'ఆస్కార్ వేదికపై పాడిన' అనండి, 'ఆస్కార్ గెలిచిన గాయకుడు' అనొద్దు.

జాతీయ చలనచిత్ర అవార్డులకు ఏడాది చిక్కు ఉంది. లెక్కలోకి వచ్చేది సెన్సార్ సర్టిఫికెట్ వచ్చిన ఏడాది, విడుదలైన ఏడాది కాదు. 'ఆర్ఆర్ఆర్' థియేటర్లకు వచ్చింది 2022 మార్చిలో. దాని అవార్డులు మాత్రం 2021 సంవత్సరానికి, 69వ జాతీయ అవార్డుల్లో, ప్రకటించింది 2023 ఆగస్టులో. చంద్రబోస్‌కు ఉత్తమ గీత రచయిత అవార్డు అదే జాబితాలో వచ్చింది, అయితే 'కొండపొలం' పాటకు. దాన్ని 'నాటు నాటు'కు అంటగట్టిన ఐటమ్‌లు కనిపిస్తుంటాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ నంది సినిమా అవార్డులదీ ఇదే కథ: 2014, 2015, 2016 సంవత్సరాల అవార్డులు మూడూ కలిపి 2017 నవంబరులో ప్రకటించారు. కాబట్టి 'ఫలానా సంవత్సరానికి, ఫలానా నెలలో ప్రకటించిన' అని రెండూ రాయడం అలవాటు చేసుకోండి.

పద్మ పురస్కారాలను జనవరి 25న ప్రకటిస్తారు, రాష్ట్రపతి చేతుల మీదుగా అందించేది తర్వాత కొన్ని వారాలకు. 'అందుకున్నారు' అన్న మాట ఆ రెండో రోజుకు దాచుకోండి. పద్మ బిరుదు కాదు. పేరుకు ముందు గానీ వెనక గానీ తగిలించకూడదని ప్రభుత్వ నిబంధన. నిర్వాహకుల ఫ్లెక్సీలో 'పద్మశ్రీ' అని పేరు ముందు వేసి ఉన్నా మన ఐటమ్‌లో 'పద్మశ్రీ గ్రహీత' అనే వెళ్లాలి. ఒకరికే మూడు పద్మాలుంటే ఏడాదులు విడివిడిగా ఇవ్వండి. గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంకు పద్మశ్రీ 2001, పద్మభూషణ్ 2011, పద్మవిభూషణ్ 2021, చివరిది మరణానంతరం. స్థానిక సంస్థలిచ్చే 'గాన' ఏదో, 'నాద' ఏదో బిరుదులకు ఇచ్చిన సంస్థ పేరు తప్పనిసరి.

పేరులో ఊరుందని పుట్టినూరు రాసేయకండి. నటుడు, గాయకుడు చిత్తూరు నాగయ్య పుట్టింది అప్పటి గుంటూరు జిల్లా రేపల్లెలో, 1904లో. చిత్తూరులో ఆయన పేరిట కళాక్షేత్రం కనిపిస్తోందని ఇక్కడివాడేనని రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

కచేరీ ఐటమ్‌లో 'మంత్రముగ్ధులను చేశారు', 'ఓలలాడించారు' తీసేస్తే మూడు లైన్లు ఆదా. ఆ చోట ప్రధాన రాగమేది, నెరవు (ఒకే పాదాన్ని రకరకాలుగా విస్తరించి పాడడం) ఏ పాదం దగ్గర తీసుకున్నారు, తనియావర్తనం (తాళవాద్యాల వాళ్లు విడిగా వాయించే భాగం) ఎన్ని నిమిషాలు నడిచిందో వేయండి. ఉదాహరణకు: 'తిరుమల నాదనీరాజనం వేదికపై శనివారం సాయంత్రం జరిగిన గంట కార్యక్రమంలో గాయని ఆరు సంకీర్తనలు పాడారు. మోహనలో సాగిన ఆలాపన పావుగంట నడిచింది.' 'ఇప్పటికి 5 వేల కచేరీలు' లాంటి అంకెలకు 'అని నిర్వాహకులు తెలిపారు' చేర్చండి.

ఫొటోలో మైకు నోటికి అడ్డం పడడం మామూలే. ఎదురుగా కాకుండా వేదికకు ఒక పక్కగా, మైకు స్టాండ్ లేని వైపు జరగండి. వెనక ఎల్‌ఈడీ తెర వెలుగుతుంటే ముఖం నల్లబడుతుంది. ఫోన్ తెర మీద ముఖంపై వేలు పెట్టి వెలుతురు సరిచేసుకున్నాకే నొక్కండి. డెస్క్‌కు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి, ఫొటోగా పంపితే నలిగిపోయి రెండు కాలమ్‌ల వెడల్పుకు పనికిరాదు. క్యాప్షన్‌లో 'ఎడమ నుంచి' అని మొదలుపెట్టి మృదంగం, ఘటం కళాకారుల పేర్లు కూడా ఇవ్వండి. కోతపడితే ముందు పోయేవి ఆ పేర్లే కాబట్టి ఐటమ్ రెండో పేరాలో కూడా ఒకసారి ఉండాలి.