శుభ్రపరిచే వ్యాపారానికి బ్యాక్‌ప్యాక్ వాక్యూమ్‌ను ఎంచుకోవడం ఎలా?

వీపున తగిలించుకునే వాక్యూమ్ క్లీనర్‌ను కొనే ముందు, దానితో శుభ్రం చేయించబోయే గదులన్నిటినీ ఒకసారి స్వయంగా తిరిగి చూడాలి. మెట్లు, సినిమా హాళ్లలోని సీట్ల వరుసలు, తరగతి గదులు, బల్లలూ కుర్చీలూ కిక్కిరిసిన ఆఫీసులు, బస్సులు వంటి చోట్ల చక్రాల యంత్రాన్ని లాక్కుంటూ తిరగడం కష్టం కనుక, అక్కడ ఈ రకంతో పని త్వరగా ముగుస్తుంది. గచ్చు, టైల్స్, పొట్టి పోగుల తివాచీ దీనికి అనువైనవి. ఒత్తయిన తివాచీ అడుగున ఇరుక్కున్న ఇసుకను పైకి లాగాలంటే తిరిగే బ్రష్ ఉండాలి. బ్యాక్‌ప్యాక్ యంత్రాలలో చాలావాటికి అది ఉండదు కాబట్టి, అలాంటి గదులే ఎక్కువగా ఉన్న కాంట్రాక్టుకు తిరిగే బ్రష్‌తో నేల మీద తోసుకుంటూ నడిపే నిలువు వాక్యూమ్ కొనడమే మేలు. నీటిని పీల్చడానికి గానీ, సిమెంటు, ప్లాస్టరు ధూళిని ఎత్తడానికి గానీ మామూలు బ్యాక్‌ప్యాక్ యంత్రాన్ని వాడకూడదు.

అమ్మేవారు మొదట మోటారు గురించి చెబుతారు, కొనేవారు మాత్రం మొదట పట్టీలను చూడాలి. యంత్రం ఎంత బలమైనదైనా, మోసే మనిషి గంటకే అలసిపోతే ఆ బలం ఎందుకూ కొరగాదు. వైరుతో నడిచేవి చాలావరకు నాలుగైదు కిలోల బరువు ఉంటాయి, బ్యాటరీవి అంతకంటే ఎక్కువ. కేటలాగులో రాసిన బరువులో గొట్టం, నాజిల్, బ్యాటరీ కలిశాయో లేదో అడిగి తెలుసుకోవాలి. నడుం బెల్టు తుంటి ఎముకల మీద కుదురుగా కూర్చుని బరువులో అధిక భాగాన్ని తానే మోయాలి. భుజాల పట్టీలు ఉన్నది యంత్రం వెనక్కి వాలిపోకుండా పట్టి ఉంచడానికే. దీనిని పరీక్షించడం తేలిక: బెల్టు బిగించి, భుజాల పట్టీలను కాస్త వదులు చేసి చూసినప్పుడు యంత్రం కిందికి జారిపోతే ఆ బెల్టు పనికిరాదు. సిబ్బందిలో అందరికంటే పొట్టివారికీ, అందరికంటే పొడుగువారికీ దానిని తగిలించి, కనీసం ఇరవై నిమిషాలు నిజమైన పని చేయించాలి. చెత్తబుట్టను పక్కకు జరపడానికి వంగినప్పుడు యంత్రం తల వెనుక తగులుతోందా, మోటారు వదిలే వేడిగాలి మెడకు కొడుతోందా, స్విచ్ చేతికి అందుతోందా అన్నవి దుకాణంలో నిలబడి చూస్తే తెలియవు. గొట్టపు కడ్డీ పొడవు కూడా ముఖ్యమే. నిటారుగా నిలబడి ఊడ్చగలగాలి, నడుం వంచాల్సి వస్తే అది చాలలేదన్నమాట.

వాట్లు యంత్రం ఎంత కరెంటు తీసుకుంటుందో చెబుతాయే తప్ప ఎంత పీల్చుతుందో చెప్పవు. చూడవలసినవి గాలి ప్రవాహం, నీటిని పైకెత్తే ఒత్తిడి (గొట్టంలో నీటిని ఎంత ఎత్తుకు లాగగలదో చూసి కొలిచే పీల్చే బలం) అనే రెండు అంకెలు. గాలి ప్రవాహాన్ని తరచుగా నిమిషానికి ఇన్ని ఘనపుటడుగులని రాస్తారు. 100 ఘనపుటడుగులంటే సెకనుకు సుమారు 47 లీటర్లు. మోటారు దగ్గర కొలిచిన అంకె కంటే గొట్టం చివర కొలిచినది తక్కువగా ఉంటుంది కనుక, రెండు యంత్రాలను పోల్చేటప్పుడు రెండింటినీ ఒకేచోట కొలిచారో లేదో చూసుకోవాలి.

ఆసుపత్రులకూ, బడులకూ హెపా ఫిల్టర్ ఉన్నదే తీసుకోవాలి. ఆ పేరుకు తగిన ఫిల్టర్ 0.3 మైక్రాన్ల కణాలలో 99.97 శాతాన్ని ఆపగలగాలి. అయితే మూత చుట్టూ ఉన్న రబ్బరు సరిగా బిగుసుకోకపోతే ధూళి పక్కదారిలో బయటికి పోతుంది, అప్పుడు ఫిల్టర్ ఎంత మంచిదైనా ఫలితం ఉండదు. పగటిపూట మనుషుల మధ్య పనిచేయాల్సి వస్తే శబ్దాన్ని కూడా పోల్చాలి. 3 డెసిబెల్స్ తగ్గితే ధ్వనిశక్తి సగమైనట్టే.

వైరుదా, బ్యాటరీదా అన్న ప్రశ్నకు లెక్క వేసి జవాబు చెప్పుకోవాలి. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే బ్యాటరీలో ఉన్న శక్తి వస్తుంది: 36 వోల్టులు, 8 ఆంపియర్-అవర్లయితే 288 వాట్-అవర్లు. దానితో 400 వాట్ల యంత్రం సుమారు 43 నిమిషాలు నడుస్తుంది. ప్రకటనలో కనిపించే పెద్ద సమయం సాధారణంగా తక్కువ వేగంలో నడిపినప్పటిది. పైగా బ్యాటరీ ఏటికేడు నీరసిస్తుంది కనుక, ఒక షిఫ్టుకు రెండు బ్యాటరీల ఖర్చు మొదటే లెక్కలో వేసుకోవాలి. జనం తిరిగే వరండాలలో, ప్లగ్గులు దూరంగా ఉన్న హాళ్లలో ఆ ఖర్చు న్యాయమైనదే. రాత్రిపూట ఖాళీ ఆఫీసులో గంటల తరబడి పని ఉంటే, 15 మీటర్ల వైరున్న యంత్రమే లాభసాటి. వైరు ఎక్కువగా యంత్రం దగ్గర మెలితిరిగి తెగుతుంది కాబట్టి, విప్పి మార్చుకోగలిగిన వైరు ఉన్నదానిని చూసుకోవాలి.

ధర పక్కనే కాగితపు బ్యాగులు, ఫిల్టర్లు, గొట్టం, బెల్టు బకిల్స్ ఖర్చును మూడేళ్లకు లెక్కగట్టి రాసుకోవాలి. చవకగా దొరికిన యంత్రం చాలాసార్లు ఇక్కడే ఖరీదవుతుంది. ఆ విడిభాగాలు ఎన్ని రోజుల్లో చేతికి వస్తాయో అమ్మేవారి చేత రాతపూర్వకంగా చెప్పించుకుని, ముందు ఒక్క యంత్రాన్నే కొని, అన్నిటికంటే కష్టమైన చోట కొన్ని వారాలు నడిపించిన తరువాతే మిగిలినవాటికి ఆర్డరు ఇవ్వాలి.