అద్దె ఇంట్లో చిన్న మరమ్మతు: ఖర్చు ఎవరిది?

భీమవరంలో గాని అమలాపురంలో గాని ఇల్లు అద్దెకు తీసుకునేవారు గదులెన్ని, నీళ్లు తీపా ఉప్పా అని అడుగుతారే తప్ప, కుళాయి కారితే ఎవరు బాగు చేయించాలని అడగరు. వాషరు అరిగిన రోజున ఆ మాట తప్పదు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షను, ఒప్పందం గాని స్థానిక ఆచారం గాని వేరుగా లేనప్పుడే వర్తిస్తుంది. అంటే పత్రంలో రాసుకున్నదే ముందు చెల్లుతుంది. ఏమీ రాసుకోకపోతే, సహజమైన అరుగుదలనూ తుపాను వంటి దైవిక నష్టాన్నీ మినహాయించి, అద్దెదారు ఇంటిని చేరిన నాటి స్థితిలోనే అప్పగించాలి. కేంద్ర మంత్రివర్గం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం పనులను విడదీసి చెప్పింది: సున్నం, తలుపుల రంగు, నీటి గొట్టాలు, వైరింగు యజమానివి, కుళాయిలు, వాషర్లు, స్విచ్చులు, కిటికీ అద్దాలు, తాళాలు అద్దెదారువి. పత్రం రాసుకునేటప్పుడు ఈ విభజననే ఎదురుగా పెట్టుకోవడం మేలు.

మన డెల్టాలో అసలు తగవు గోడ చెమ్మతో వస్తుంది. భూమిలో నీరు పైపైనే ఉండడం వల్ల పునాదిలోంచి తేమ ఎగబాకి, నేల నుంచి మోకాలెత్తు వరకు రంగు పొక్కి, వేలు తగిలితే చాలు తెల్లటి ఉప్పుపొడి రాలుతుంది. ఇది వాడకం వల్ల వచ్చిన నష్టం కాదు కనుక అడ్వాన్సులో కోత పెట్టడం, నా దృష్టిలో, అన్యాయమే. అదే మచ్చ స్నానాలగది అవతలి గోడకు, కుళాయి ఎత్తున కనిపిస్తే, లోపలి గొట్టం కారుతున్నదేమో చూడాలి. అదీ యజమాని పనే. గీజరు బిగించుకోవడానికి అద్దెదారు గోడ తొలిచి గొట్టాన్ని పగలగొట్టి ఉంటే మాత్రం ఖర్చు అతనిదే, నోటీసు అందిన మూడు నెలల్లో సరిచేయాలి.

ఇంట్లో చేరిన రోజునే ప్రతి గోడనూ, ప్రతి కుళాయినీ ఫోటో తీసి ఇంటివారికి వాట్సాప్‌లో పంపాలి. ఆ తర్వాత ఏది పాడైనా నోటిమాటతో సరిపెట్టక రాతలో తెలియజేయాలి. యజమాని చేయించవలసిన మరమ్మతును, తెలియజేశాక తగినంత కాలం గడిచినా చేయించకపోతే, అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చునని అదే సెక్షను చెబుతుంది. అయితే ఆ బాధ్యత యజమానిదేనని పత్రంలో ఉంటేనే ఈ హక్కు గట్టిగా నిలుస్తుంది, పనివాడి రసీదూ చేతిలో ఉండాలి.

రెండు మూడు వాటాలకు కలిపి ఒకే బోరు మోటారు ఉన్న ఇళ్లలో, అది కాలిపోతే ఖర్చు ఎవరు ఎంత భరించాలో పత్రంలో విడిగా ఒక వాక్యం రాయించుకోవాలి.