తెల్ల వెలుగు పాఠాలు – 4: పసుపు పొడికి తూకం లెక్క

ట్యూబ్‌లైటులో పాదరసపు ఆవిరి 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతినిస్తే, గాజు లోపలి పొడి దాన్ని కంటికి కనిపించే వెలుగుగా మారుస్తుందని పోయిన పాఠంలో చూశాం. తెల్ల ఎల్‌ఈడీలో ఆ పాదరసం పని నీలం చిప్ చేస్తుంది. 450 నానోమీటర్ల దగ్గరి నీలాన్ని పసుపు పొడి కొంత మింగి, పసుపుగా బయటికి వదులుతుంది. మింగగా మిగిలిన నీలం ఆ పసుపుతో కలిసి మన కంటికి తెలుపు.

ఆ పొడి సీరియం కలిపిన యిట్రియం అల్యూమినియం గార్నెట్. ఈరోజు దాన్ని 10 గ్రాములు చేయడానికి లెక్క కడదాం. కాగితం, కాలిక్యులేటర్ పక్కన పెట్టుకోండి.

గార్నెట్ ఫార్ములాలో యిట్రియం 3, అల్యూమినియం 5, ఆక్సిజన్ 12. యిట్రియం చోట్లలో నూటికి మూడు సీరియానికి ఇద్దాం. అప్పుడు సీరియం 0.09, యిట్రియం 2.91. కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. యిట్రియాన్ని 3 గానే ఉంచి, పైన సీరియం చల్లుతారు. సీరియం కూర్చోవాలంటే యిట్రియం లేచి చోటివ్వాలి కదా! (మన భీమిలి, కళింగపట్నం తీరాల ఇసుకలో దొరికే మోనజైట్ అనే ఖనిజంలో సీరియం దండిగా ఉంటుంది, యిట్రియం చాలా తక్కువ. ఈ పొడికి కావలసింది సరిగ్గా దానికి తలకిందులు.)

ఒక మోల్ (అణువులను లెక్కించే కొలత, డజను లాంటిది) గార్నెట్ బరువు 598.2 గ్రాములు. దాన్ని మూడు లోహాల ఆక్సైడ్లు కలిపి చేస్తాం. ఏది ఎంతెంత? యిట్రియం ఆక్సైడ్ ఒక్కో అణువులో యిట్రియం రెండు కాబట్టి 2.91లో సగం, 1.455 మోల్స్. దాన్ని ఒక మోల్ బరువు 225.8తో గుణిస్తే 328.5 గ్రాములు. అల్యూమినియం ఆక్సైడ్ కూడా అంతే, 5లో సగం 2.5 మోల్స్, 254.9 గ్రాములు. సీరియం ఆక్సైడ్‌లో సీరియం ఒక్కటే, కాబట్టి సగం చేయొద్దు: 0.09 × 172.1 = 15.5 గ్రాములు. నేను మొదటిసారి దీన్నీ అలవాటుగా సగం చేసి, ఒక బ్యాచ్ మొత్తం పాడుచేసుకున్నాను.

598.2 గ్రాముల లెక్కను 10 గ్రాములకు దించాలి కాబట్టి అన్నిటినీ 59.82తో భాగిస్తే 10 గ్రాములకు యిట్రియం ఆక్సైడ్ 5.49, అల్యూమినియం ఆక్సైడ్ 4.26, సీరియం ఆక్సైడ్ 0.26 గ్రాములు. పసుపు వెలుగంతా ఇచ్చేది ఆ పావు గ్రాము సరుకే. అందుకే దాన్ని వంటింటి త్రాసులో తూచే ఆలోచన పెట్టుకోకండి.

యిట్రియం ఆక్సైడ్ గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. ముందు బాగా కాల్చి, చల్లారిన వెంటనే తూచాలి. తర్వాత అగేట్ కల్వంలో మూడూ కలిపి నూరడం, అల్యూమినా మూసలో 1500 డిగ్రీలు దాటే వేడిలో కాల్చడం. ఆ కొలిమి సంగతి వచ్చే పాఠంలో.

మూడు తూకాలూ కూడి చూడండి. 10.01 వస్తుంది, 10 కాదు. లెక్క తప్పలేదు. సీరియం ఆక్సైడ్‌లో +4 ఆవేశంతో ఉన్న సీరియం గార్నెట్‌లో +3గా మారాలి. మారేటప్పుడు కొంచెం ఆక్సిజన్ వదులుకుంటుంది.

అభ్యాసం: సీరియం నూటికి ఒకటి చొప్పున 20 గ్రాములకు తూకాలు కట్టండి. మోల్ బరువు కూడా మారుతుంది, 598.2నే వాడేయకండి.